అర ఎకరం అమ్మి మేనేజ్‌మెంట్ సీటు కొనాలా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో పల్లెటూరు. బీసీ-బి. మూడెకరాల పొలం, చిన్న కిరాణా కొట్టు ఉన్నాయి. మా పాపకు ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 26 వేల ర్యాంకు వచ్చింది. సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) కావాలంటోంది. తెలిసినాయన ఒకరు హైదరాబాద్‌లో మేనేజ్‌మెంట్ కోటాలో ఇప్పిస్తా, ఏడు లక్షల డొనేషన్, ఏటా లక్షా ఇరవై వేల ఫీజు, సీటు బ్లాక్ చేయడానికి ముందు 50 వేలు కట్టమంటున్నారు. అర ఎకరం అమ్ముదామా అని ఆలోచిస్తున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: పొలం జోలికి పోకండి అన్నా. కనీసం ర్యాంకును బట్టి సీట్లిచ్చే ప్రభుత్వ కౌన్సెలింగ్ ఆఖరి విడత అయ్యేదాకా.

ముందు ఆ 50 వేల సంగతి. పోయినేడు ఒక తండ్రి నా దగ్గరికి తెల్ల కాగితం ముక్క పట్టుకొచ్చాడు, దాని మీద 'అడ్వాన్స్ 50,000' అని రాసి కింద ఒక గీత లాంటి సంతకం, అంతే. కాలేజీ పేరు లేదు, స్టాంపు లేదు, తేదీ కూడా లేదు. ఆయన కూతురికి రెండో విడతలో కన్వీనర్ సీటు, అంటే కౌన్సెలింగ్‌లో ర్యాంకుతో వచ్చే సీటు, వచ్చింది, సంతోషమే, కానీ ఆ యాభై వేలు మాత్రం తిరిగి రాలేదు. అసలు డొనేషన్ తీసుకోవడమే నేరం, 1983 నుంచి దాని మీద చట్టం ఉంది. అందుకే ఎవరూ దానికి రసీదు ఇవ్వరు, రేపు గొడవైతే చూపించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

ఇక లెక్క చూద్దాం. ఏడు లక్షలు, నాలుగేళ్ల ఫీజు 4 లక్షల 80 వేలు, హాస్టల్ ఏటా లక్ష అనుకుంటే ఇంకో నాలుగు, మొత్తం దాదాపు 16 లక్షలు. మేనేజ్‌మెంట్ సీటుకు, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకిచ్చే స్పాట్ అడ్మిషన్‌కు ఫీజు రీయింబర్స్‌మెంట్ (ప్రభుత్వం మన తరఫున కట్టే ఫీజు) రాదు, ఈ మాట ఏజెంటు చెప్పడు. అదే కన్వీనర్ కోటాలో 85 వేల ఫీజున్న కాలేజీలో సీటొచ్చిందనుకోండి. బీసీలకు 10 వేల లోపు ర్యాంకు అయితే మొత్తం ఫీజు ప్రభుత్వమే కడుతుంది, మీది 26 వేలు కాబట్టి ఏటా 35 వేలు వస్తాయి, మిగతా 50 వేలు మీరు కట్టాలి. హాస్టల్‌తో కలిపినా నాలుగేళ్లకు ఆరు లక్షలు. తేడా పది లక్షలు, అదీ ఒక బ్రాంచ్ పేరు కోసం.

సీఎస్ఈయే కావాలంటే పాపను కూర్చోబెట్టి కాలేజీల జాబితా తీయించండి. సీఎస్ఈ ఒక్కటే కాదు, ఐటీ, ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్ అన్నీ వెబ్ ఆప్షన్లలో వేరు వేరుగా ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో కోడ్. పోయినేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచ్ బీసీ-బి అమ్మాయిలకు ఏ ర్యాంకు దాకా వెళ్లిందో కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. కన్వీనర్ సీట్లలో మూడో వంతు అమ్మాయిలకే, అందుకే పక్కింటి అబ్బాయి ర్యాంకుతో పోల్చుకుని టెన్షన్ పడొద్దు. మీకు దగ్గర్లో కొండగట్టు పక్కన నాచుపల్లిలో జేఎన్టీయూ కాలేజీ ఉంది, దాన్ని కూడా పెట్టండి, కాకపోతే యూనివర్సిటీ కాలేజీల్లో రెగ్యులర్, సెల్ఫ్ ఫైనాన్స్ అని రెండు రకాల కోర్సులుంటాయి, ఫీజు వేరు, చూసుకుని పెట్టాలి. సీఎస్ఈ లాంటివి ఏవీ రాక ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చినా కొంప మునగదు. పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు క్యాంపస్‌కు వస్తే చాలాసార్లు అన్ని బ్రాంచ్‌ల వాళ్లనూ పరీక్షకు కూర్చోనిస్తాయి.

ఆప్షన్లు ఎన్ని పెట్టినా డబ్బు అడగరు, వంద పెట్టండి. రావని తెలిసినవి పైన పెట్టినా నష్టం లేదు, వరుసలో మొదట ఏది దొరికితే అదే ఇస్తారు. కానీ రెండో విడతలో జాగ్రత్త. అప్పుడు కొత్త సీటొస్తే పాతది దానంతటదే పోతుంది, వెనక్కి అడిగినా ఇవ్వరు. కాబట్టి చేతిలో ఉన్నదానికంటే మంచివి మాత్రమే పెట్టాలి. సీటొచ్చాక గడువులోపు ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే, అంటే సీటు తీసుకుంటున్నామని నమోదు చేయకపోతే, ఆ సీటు రద్దే. పెళ్లికి వెళ్లాం, మర్చిపోయాం అంటే వినే వాళ్లెవరూ ఉండరు.

ఈ రీయింబర్స్‌మెంట్ అంతా ఆదాయ సర్టిఫికెట్ మీద ఆధారపడి ఉంది. పల్లెల్లో బీసీలకు ఏడాదికి లక్షన్నర లోపు, పట్నంలో రెండు లక్షల లోపు ఉండాలి. మీకు కొట్టు కూడా ఉంది కాబట్టి తహసీల్దార్ ఎంత రాస్తారో ముందే తెలుసుకోండి. ఒకవేళ దాటితే 85 వేలూ మీరే కట్టుకోవాలి, అయినా హాస్టల్‌తో ఏడున్నర లక్షలు దాటదు, ఏజెంటు చెప్పినదానికి సగం కూడా కాదు. సర్టిఫికెట్ ఈ ఏడాది జనవరి 1 తర్వాత తీసినదై ఉండాలి, మీసేవలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పాప పేరు ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా ఉందేమో చూడండి, రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్ ఈపాస్‌లో సగం గొడవలు అక్కడే మొదలవుతాయి.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ప్రభుత్వం నుంచి ఆ 35 వేలు కాలేజీకి ఆలస్యంగా వస్తున్నాయి. కొన్ని కాలేజీలు ముందు మీరే కట్టండి, వచ్చాక తిరిగిస్తాం అంటున్నాయి, చదువు పూర్తయ్యాక సర్టిఫికెట్లు ఆపినవీ ఉన్నాయి. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ చెప్పింది, అయినా కౌంటర్ దగ్గర నిలబడేది మనమే కదా. అందుకని ఒక ఏడాది 35 వేలు పక్కన పెట్టుకోండి. అది కూడా కష్టమైతే బ్యాంకులో విద్యారుణం అడగండి, 4 లక్షల వరకు తాకట్టు అవసరం లేదు, పొలం కాగితాలు తెమ్మంటే మేనేజర్‌నే గట్టిగా అడగండి.

చివరగా ఇంకొకటి. కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్‌లో ఇచ్చే ఫోన్ నంబర్ మీ ఇంట్లోదే అయి ఉండాలి. నెట్ సెంటర్ వాడిదీ, ఆ తెలిసినాయనదీ ఇస్తే ఓటీపీ వాళ్లకే వెళ్తుంది, మీ పాప ఆప్షన్లు ఎవరు మార్చారో కూడా తెలియదు. పాస్‌వర్డ్ పాపకు, మీకు తప్ప ఎవరికీ చెప్పొద్దు. ఆయన మళ్లీ ఫోన్ చేస్తే, ఆ ఏడు లక్షలకు కాలేజీ స్టాంపుతో రసీదు ఇప్పిస్తారా అని ఒక్క మాట అడిగి చూడండి.