నైజర్ సజ్జచేలకు వెళ్తున్న అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి రాసేది ఏమనగా,

నైజర్ రాజధాని నియమేలో నీకు పని ఖాయమైందని మీ నాన్న ఫోన్లో చెప్పినప్పుడు సంతోషమూ, దానితోపాటు బెంగా కలిగాయి. నా కాలంతో పోలిస్తే అక్కడి పరిస్థితులు ఇప్పుడు చాలా కష్టంగా ఉన్నాయి కనుక మీ సంస్థవారు వెళ్ళమన్న ఊరికే వెళ్ళు, తిరిగి రమ్మన్న రోజునే తిరిగి రా. నేల గురించి మాత్రం నీకు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ నుండి వెళ్ళి, నియమేకు దక్షిణాన సాదొరేలో ఉన్న దాని సహేల్ (సహారా ఎడారి దక్షిణపు అంచు) కేంద్రంలోను, చుట్టుపక్కల ఊళ్ళలోను పదకొండు వానాకాలాలు గడిపాను. అక్కడ నేను ఆలస్యంగా తెలుసుకున్నవి నీకు మొదటి ఏడాదే తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా అక్కడి ఆకలిని నెలల లెక్కన అర్థం చేసుకో. సెప్టెంబరు చివర, అక్టోబరులో సజ్జ గాదెకు చేరుతుంది. చాలా ఇళ్ళలో మే, జూన్ వచ్చేసరికి గాదె అడుగు కనిపిస్తుంది. తొలకరి పడి, విత్తనం వేసి, కలుపు తీయవలసిన నెలల్లోనే ఇంట్లో తిండి ఉండదు. అప్పుడు మనిషి తన చేలో కలుపు వదిలిపెట్టి, ఆ పూట గింజల కోసం మరొకరి చేలోకి కూలికి వెళ్తాడు. తన చేను వెనుకబడుతుంది, వచ్చే ఏడు గాదె ఇంకో నెల ముందే ఖాళీ అవుతుంది. నీవు అక్కడ ఏ పని తలపెట్టినా అది ఆ గాదెలో ఎన్ని రోజుల తిండిని పెంచుతుందో అడుగుతూ ఉండు.

అక్కడ కరువంటే వాన లేకపోవడమేనని ఇక్కడ చాలామంది అనుకుంటారు, వెళ్ళేముందు నేనూ అనుకున్నాను. నియమే ప్రాంతంలో సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అది మన అనంతపురానికి మరీ దూరమైన లెక్క కాదు. మరీ ఎండిన ఉత్తర భాగాన్ని మినహాయిస్తే, చాలా ఏళ్ళలో అక్కడి పైరు నీటికంటే ముందు భాస్వరానికీ నత్రజనికీ అలమటిస్తుంది. చేల మట్టిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా ఇసుకే; మన పాలమూరు చల్క నేలలే దాని పక్కన బలిసిన నేలల్లా కనిపిస్తాయి. వెనుకటి రోజుల్లో నాలుగైదేళ్ళు పండించిన చేనును అంతకంటే ఎక్కువ ఏళ్ళు బీడు పెట్టేవారు. 1960లో 34 లక్షలున్న దేశ జనాభా ఇప్పుడు రెండున్నర కోట్లు దాటింది. వాన మీద సాగయ్యే భూమి దక్షిణాన ఒక పట్టీ మాత్రమే. అందుకే బీడు పెట్టే వెసులుబాటు పోయింది, నేల నుండి తీసుకోవడమే తప్ప తిరిగి ఇవ్వడం తగ్గిపోయింది, హెక్టారుకు 500 కిలోల గింజ రావడమే మామూలు పంటగా మిగిలింది.

నేను నీకు చెప్పదలచిన అసలు మాట ఇది: ఎరువు కొద్దిగానే ఉన్నచోట చేనంతా చల్లకూడదు, మొక్క మొదలు చూసి పెట్టాలి. అక్కడ సజ్జను సాళ్ళలో కాకుండా పాదుల్లో వేస్తారు. పొడుగాటి పిడి ఉన్న పారతో ఒకరు ముందు నడుస్తూ సుమారు మీటరుకో గుంత చేస్తుంటే, వెనుక ఆడవాళ్ళు, పిల్లలు గింజలు వేసి మడమతో మట్టి కప్పుకుంటూ వస్తారు. హెక్టారుకు సుమారు పదివేల పాదులనుకుంటే, పాదుకు మూడు వేళ్ళతో తీసిన చిటికెడు, అంటే రెండు గ్రాముల డీఏపీ చాలు; మొత్తం 20 కిలోలకు మించదు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే పదిహేను-పదిహేను-పదిహేను మిశ్రమమైతే సోడా సీసా మూత నిండుగా ఒకటి, అంటే ఆరు గ్రాములు. బస్తా కొనలేని ఇల్లు కూడా ఈ మాత్రం కొనుక్కోగలదు, అది కూడా చిన్న పొట్లాలుగా దొరికితే. ఊరి దుకాణంలో పొట్లాలు దొరికేలా చూడటం, చేలో ప్రదర్శన క్షేత్రం పెట్టడం కంటే పెద్ద పని.

ఇందులో నా పొరపాటు ఒకటి ఉంది, అది నీవు చేయకూడదు. రెండో ఏడాది ఒక రైతుకు మిశ్రమ ఎరువును గింజతో కలిపి ఒకే గుంతలో వేయమని చెప్పాను. విత్తిన తరువాత పన్నెండు రోజులు వాన లేదు. మొలిచినవి కొద్దిగానే, మొలిచిన వాటి ఆకు చివర్లు కూడా మాడిపోయాయి. ఆయన ఇంట్లో తినడానికి మిగిలిన సజ్జలోంచి మళ్ళీ విత్తనం తీసి వేశాడు, నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఇంటి గాదె ముందు నిలబడిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. కనుక ఎరువును గింజకు నాలుగు వేళ్ళ దూరంలో పెట్టించు. ఇంకా మంచిది, మొలిచాక ఒత్తు మొక్కలు తీసేటప్పుడు, మట్టి తడిగా ఉన్న రోజున పెట్టించడం. అప్పటికి ఆ ఏటి తొలకరి నిలబడిందో లేదో రైతుకు కూడా తెలిసి ఉంటుంది.

ఈ చిటికెడు ఎరువు ఆ ఏటి ఆకలికి ఆసరాయే తప్ప నేలకు వైద్యం కాదు. పంట పెరిగినకొద్దీ నేల నుండి పోయేదీ పెరుగుతుంది, ఇసుకలో ఎరువును పట్టి ఉంచే సత్తువ పశువుల పెంటతోనే వస్తుంది. ఈ విషయంలో నీకు కొత్త చదువు అక్కర్లేదు. మన ఊళ్ళో కోత అయ్యాక గొర్రెల మందను రాత్రిళ్ళు చేలో పెట్టించి, కాపరులకు గింజలో, డబ్బో ఇచ్చుకోవడం నీవు చిన్నప్పటి నుండి చూశావు. అక్కడ ఫులాని పశువుల కాపరులతో రైతులు చేసుకునే ఒప్పందం అచ్చంగా అదే: చేలో చొప్ప మేపుకోవచ్చు, బావి నీళ్ళు వాడుకోవచ్చు, బదులుగా మంద రాత్రి ఆ చేలోనే పడుకోవాలి. రెండు మూడు రాత్రులకొకసారి మంద చోటు మార్చాలి. పేడ ఎత్తి తెచ్చి వేసిన చేనుకూ, మంద పడుకున్న చేనుకూ తేడా మూత్రంలో ఉంది. పశువు వదిలే నత్రజనిలో పెద్ద భాగం అందులోనే పోతుంది, దానిని తట్టలో మోసుకురాలేము. మంద పడిన చోట సజ్జ రెండు మూడేళ్ళు నల్లగా, బలంగా వస్తుంది. అయితే రైతుతో మాత్రమే మాట్లాడి ఊరుకోవద్దు. కోత కాకముందే మంద వచ్చిపడి తగాదాలు జరిగిన ఊళ్ళు ఉన్నాయి కనుక కాపరిని, ఊరి పెద్దను కూడా కూర్చోబెట్టి తేదీ మాట్లాడుకున్నాకే ముందుకు పో.

గుంతల పద్ధతి గురించి నీవు వినే ఉంటావు. పక్కదేశం బుర్కినా ఫాసోలో జాయ్ అంటారు, నైజర్‌లో హౌసా భాష మాట్లాడే ఊళ్ళలో తస్సా అంటారు. 1980 ప్రాంతంలో యతెంగా సీమలో యాకూబా సవదోగో అనే రైతు పాత గుంతలను పెద్దవి చేసి, వాటిలో పెంట వేసి, బండలా మారిన నేలను తిరిగి పండించాడు. 2018లో ఆయనకు రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం వచ్చింది. 1989లో తహువా ప్రాంతపు రైతులు కొందరు యతెంగా వెళ్ళి చూసి వచ్చాకే నైజర్‌లో ఈ పద్ధతి పుంజుకుంది. రైతు రైతు చేను చూసి నేర్చుకున్నదే అక్కడ నిలబడుతుందని నా నమ్మకం. గుంత జానెడు లోతు, అంతకు కాస్త ఎక్కువ వెడల్పు ఉండాలి, ఎండాకాలంలోనే తవ్వాలి, రెండు మూడు గుప్పిళ్ళ పెంట వేయాలి. ఒకసారి ఏప్రిల్‌లో వేసిన గుంతను జూన్‌లో విడదీసి చూపించారు నాకు. పెంట కోసం వచ్చిన చెదలు అడుగు మట్టిలో గడ్డిపరక లావు దారులు అంతటా తొలిచాయి. తొలి వాన నీరు పక్క నేల మీద జారిపోతుంటే ఆ గుంతలో బుడబుడమని దిగిపోయింది. చెదలంటే మనకు తలుపులు తినే పురుగు. అక్కడ గట్టిపెచ్చు కట్టిన నేలకు గుల్లతనం తెచ్చే పనివాళ్ళు అవే.

కానీ ఈ గుంతలు పెచ్చు కట్టిన గట్టి నేలకే. లోతైన ఇసుక చేలలో తవ్విస్తే మొదటి గాలికే పూడిపోతాయి, రైతు నీ మాట మరి వినడు. హెక్టారు తవ్వడానికి సుమారు 300 గంటలు పడుతుంది, నేలను బట్టి ఇంకా ఎక్కువే పట్టవచ్చు. మగదిక్కు లేని ఇంటికీ, మగవాళ్ళు వలస పోయిన ఇంటికీ ఆ శ్రమ ఎవరు చేస్తారో ముందే ఆలోచించి, తవ్వడానికి కూలి ఇచ్చే ఏర్పాటు లేకుండా ఆ ఇళ్ళను ప్రణాళికలో రాయకు.

చెట్ల విషయం క్లుప్తంగా చెబుతాను. హౌసాలో గావో అనే తుమ్మ జాతి చెట్టు వానాకాలంలో ఆకు రాల్చి, ఎండాకాలంలో చిగురిస్తుంది. పైరుకు నీడ అడ్డం రాదు, ఎండాకాలంలో దాని కింద పశువులు నిలబడి పేడ వేస్తాయి. మొక్కలు నాటించే పనికి డబ్బు పోయకు. నేల లోపల బతికి ఉన్న మొద్దుల నుండి వచ్చే పిలకలను చేను చదును చేసేటప్పుడు నరకకుండా, బలమైనవి రెండు మూడు ఉంచి మిగతావి తీసేయమను. మరాది, జిందేర్ ప్రాంతాల్లో 1980ల నుండి రైతులు ఇలాగే చేసి, సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లను తిరిగి నిలబెట్టుకున్నారు.

ఆడవాళ్ళ చేల గురించి ప్రత్యేకంగా రాస్తున్నాను. ఇంటి పెద్ద చేను దగ్గర్లో, ఆడవాళ్ళకు ఇచ్చే ముక్క ఊరికి దూరంగా, అలసిపోయిన నేలలో ఉంటుంది. ఇంటి పెంట అంతా పెద్ద చేనుకే పోతుంది. అలసందలు, వేరుశనగ, బెండ, మన గోంగూర జాతి మొక్క ఆ ముక్కల్లోనే పండుతాయి. ఆకలి నెలల్లో పిల్లల గిన్నెలోకి వచ్చే కూర అక్కడిదే. కాబట్టి నీ నమూనా పొలాల్లో సగమైనా ఆడవాళ్ళవి ఉండాలని మొదటి సమావేశంలోనే పట్టుబట్టు. నీవు ఆడపిల్లవు కనుక నాకు దొరకని మాటలు నీకు దొరుకుతాయి. బావి దగ్గర కూర్చుని విను.

పంట ఇంటికి వచ్చాక అప్పు తీర్చడానికి అక్టోబరులోనే చవగ్గా అమ్మి, జూలైలో అదే సజ్జను రెట్టింపు ధరకు కొనే ఇళ్ళు కనిపిస్తాయి. ఊరి గిడ్డంగిలో గింజ దాచి, దాని మీద అప్పు ఇచ్చే సంఘాలు నైజర్‌లో 1990ల చివరి నుండి ఉన్నాయి. వెళ్ళే ఊళ్ళో అలాంటిది ఉందేమో ముందుగా వాకబు చెయ్యి. అది లేకుండా వచ్చే ఏటి ఎరువుకు రైతు చేతిలో డబ్బు మిగలదు.

నీవు ఏప్రిల్‌లో చేరతావని మీ నాన్న అన్నాడు. తొలకరికి ముందు గట్టి నేలలో పది గుంతలు నీ చేతులతో తవ్వు, ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకో, ఆ లెక్క నాకు పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న