టెక్ సందేహాలు: కస్టమర్‌ని వదులుకోండి, లాక్ మాత్రం వేయకండి

ప్రశ్న: సార్, మాది గుంటూరు. నేనూ మా బావమరిదీ కలిసి మెడికల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతున్నాం, నలభై షాపుల దాకా వాడుతున్నారు. మూడు షాపులున్న ఒకాయనతో మాత్రం వేగలేకపోతున్నాం. ఏప్రిల్‌లో ఏఎంసీ (ఏడాది సపోర్ట్‌కి కట్టే డబ్బు) బిల్లు పంపితే ఏడు నెలలైనా పైసా ఇవ్వలేదు. రాత్రి పదిన్నరకి ఫోన్ చేసి ఎనీడెస్క్‌లోకి (దూరం నుంచే ఆయన కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) రమ్మంటాడు, కౌంటర్లో కుర్రాడు తప్పు కొడితే మమ్మల్ని తిడతాడు, అగ్రిమెంట్‌లో లేని రిపోర్టులు ఫ్రీగా చేసిమ్మంటాడు. ఇక్కణ్ణుంచే లైసెన్స్ ఆపేస్తే దెబ్బకి కాళ్లబేరానికి వస్తాడని మా బావమరిది అంటున్నాడు. ఆపేయొచ్చా?

జవాబు: వద్దు. మీ బావమరిది కోపం నాకు అర్థమవుతుంది, ఎందుకంటే సపోర్ట్ ఉద్యోగం చేసే రోజుల్లో ఆ పని నేనూ చేశాను. బాకీ పడ్డ ఒక షాపు సాఫ్ట్‌వేర్ నెలాఖరుకి ఆగిపోయేలా తేదీ లాక్ పెట్టాను. ఆ షాపు కంప్యూటర్‌లో సీమాస్ బ్యాటరీ (కంప్యూటర్ ఆపినా తేదీని గుర్తుంచుకునేది) చచ్చిపోయి ఉంది, పొద్దున్న ఆన్ చేసినప్పుడల్లా తేదీ 2009 జనవరి 1కి వెళ్లిపోయేది, కాబట్టి నా లాక్‌కి గడువనేదే రాలేదు. లాక్ ఉన్న అదే సాఫ్ట్‌వేర్ కాపీని పొరపాటున ఠంచనుగా డబ్బు కట్టే ఇంకో షాపుకి అప్‌డేట్‌గా పంపేశాం. ఒకటో తేదీ పొద్దున్నే కౌంటర్ ముందు జనం నిలబడి ఉండగా అక్కడ స్క్రీన్ ఆగిపోయింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, ఆ ఏడాది రెన్యువల్ మాత్రం చేయలేదు.

సరే, నా సంగతి అలా ఉంచండి. ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్ ఉంది. కంప్యూటర్ యజమాని అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం, దాని పని ఆగిపోయేలా చేయడం, వాడుకునే హక్కున్న మనిషికి అందకుండా చేయడం, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. దురుద్దేశంతో చేశారని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఎనీడెస్క్ పాస్‌వర్డ్ ఆయనే ఇచ్చాడు కదా అంటారేమో, రిపేరు చేయడానికి ఇచ్చాడు గానీ ఆపడానికి ఇవ్వలేదు. పైగా మీది మెడికల్ షాపు సాఫ్ట్‌వేర్. షెడ్యూల్ హెచ్1 మందులు (డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన, ప్రత్యేక నిఘా ఉన్నవి) అమ్మినప్పుడు డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, మందు, ఎంత ఇచ్చారు అన్నది వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపించాలి. ఆ రిజిస్టర్ మీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉందనుకోండి, మీరు లాక్ వేసిన రోజే ఇన్‌స్పెక్టర్ వస్తే? మీకు రావాల్సిన బాకీ గొడవ పక్కకి పోయి, దోషి మీరైపోతారు.

అసలు మీరు అమ్మిందేమిటో ఒకసారి చూసుకోండి. మన దగ్గర చిన్న సాఫ్ట్‌వేర్ వాళ్లలో ఎక్కువమంది 'లైఫ్‌టైమ్ లైసెన్స్' అని ఒకసారి డబ్బు తీసుకుని, తర్వాత ఏటా ఏఎంసీ తీసుకుంటారు. మీదీ అదే అయితే ఆయన లైసెన్స్ డబ్బు ఎప్పుడో కట్టేశాడు, సాఫ్ట్‌వేర్ వాడుకునే హక్కు ఆయనకి ఉండిపోతుంది, మీరు ఆపగలిగేది సపోర్ట్, అప్‌డేట్లు మాత్రమే. ఏటా కట్టే సబ్‌స్క్రిప్షన్ అయితే కథ వేరు, గడువు అయ్యాక కొత్త బిల్లు కొట్టనివ్వకుండా ఆపొచ్చు, ఆ మాట అగ్రిమెంట్‌లో ఉంటే. అప్పుడు కూడా పాత బిల్లులు చూడ్డానికి, ప్రింట్ తీయడానికి వీలుండాలి. అగ్రిమెంటే లేదు, అంతా వాట్సాప్‌లోనే జరిగింది అంటారా, ఆ చాట్ డిలీట్ చేయకుండా ముందు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, ఇవాళే.

తర్వాత చేయాల్సింది ఒక్క ఉత్తరం. ఫోన్‌లో చెప్పకండి, ఫోన్‌లో చెబితే ఆయన అరుస్తాడు, మీరు మొహమాటపడతారు, చివరికి ఇంకో ఫ్రీ రిపోర్ట్ చేసిచ్చి పడుకుంటారు. ఈమెయిల్ పంపండి, అదే కాగితం స్పీడ్ పోస్ట్‌లోనూ వేయండి. ఇలా రాస్తే చాలు:

'(ఆయన పేరు) గారికి నమస్కారం. మీ మూడు షాపులకి మేమిస్తున్న ఏఎంసీ సేవ ఈ ఉత్తరం తేదీ నుంచి 30 రోజులకి ఆపేస్తున్నాం. సాఫ్ట్‌వేర్ మీ దగ్గర ఇప్పుడున్నట్టే పనిచేస్తుంది. ఈ 30 రోజుల్లో మీ డేటా మొత్తం బ్యాకప్ తీసి ఇస్తాం, కొత్త సాఫ్ట్‌వేర్ వాళ్లకి కావాల్సిన ఫైళ్లు కూడా ఒకసారి ఇస్తాం. సేవ చేసిన నెలల బిల్లు దీనితో జతచేశాం.'

ఇంతే. రాత్రి పదిన్నర ఫోన్ల గురించీ తిట్ల గురించీ ఒక్క ముక్క రాయకండి, రాస్తే ఆయన దానికి జవాబు రాస్తాడు, మీరు దానికి జవాబు రాస్తారు, ఉగాది వచ్చేస్తుంది. అగ్రిమెంట్‌లో నోటీసు 60 రోజులని ఉంటే 60 రోజులే ఇవ్వాలి.

డేటా ఇచ్చేటప్పుడు మాత్రం శ్రద్ధగా చేయండి, ఎందుకంటే గొడవ మళ్లీ మొదలయ్యేది ఇక్కడే. మీ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే బ్యాకప్ ఫైల్‌తో పాటు వెర్షన్ ఏదో రాసివ్వండి, కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో ఎక్కదు. బ్యాకప్ తీసేసి చేతులు దులుపుకోకండి, వేరే కంప్యూటర్‌లో ఎక్కించి మూడు షాపుల స్టాక్ మొత్తాలు కలుస్తున్నాయో లేదో చూడండి. సీఎస్‌వీ ఫైళ్లు (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైళ్లు) ఇస్తే ఇంకో తలనొప్పి ఉంది. మందుల బ్యాచ్ నంబర్లున్నాయే, వాటితో ఎక్సెల్‌కి పడదు. 00412 అనే బ్యాచ్ ఎక్సెల్‌లో తెరిస్తే 412 అయిపోతుంది, 3E10 లాంటిది ఉంటే ఏకంగా మూడు వేల కోట్ల అంకె అనుకుంటుంది, ఆ పైన ఎవరైనా సేవ్ కొడితే అసలు నంబర్ పోయినట్టే. అందుకని బ్యాచ్ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టిన ఎక్సెల్ ఫైలే మీరు తయారుచేసివ్వండి. ఇచ్చాక 'అందింది' అని సంతకం తీసుకోండి, కనీసం వాట్సాప్‌లోనైనా ఒక మాట రాయించుకోండి.

చివరి రోజు మీ ఎనీడెస్క్ పాస్‌వర్డ్, డేటాబేస్‌లో మీ లాగిన్, మీ గూగుల్ డ్రైవ్‌కి వెళ్లే ఆటో బ్యాకప్, అన్నీ తీసేయండి. రేపు అక్కడ ఏ ఫైల్ పోయినా అనుమానం మీ మీదికి రాకూడదు. మీ లాప్‌టాప్‌లో టెస్టింగ్ కోసం దాచిన ఆయన డేటా కాపీ ఉంటుంది చూడండి, అదీ తీసేయండి, అందులో పేషెంట్ల పేర్లున్నాయి.

ఇక డబ్బు. ఏడు నెలలు సేవ చేశారు కాబట్టి ఆ ఏడు నెలలకీ, ఈ నోటీసు నెలకీ అడగండి, మిగతా నాలుగు నెలలకి క్రెడిట్ నోట్ (బిల్లు తగ్గించినట్టు రాసిచ్చే కాగితం) ఇవ్వండి, లేకపోతే చేయని సేవకి 18 శాతం జీఎస్టీ మీ జేబులోంచి కట్టినట్టవుతుంది. సేవ మొదలయ్యేనాటికే మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (కేంద్రం దగ్గర చిన్న సంస్థగా నమోదు) ఉంటే చిన్న సంస్థల బాకీల కోసం కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. చట్టం ప్రకారం చిన్న సంస్థలకి రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి, దాటితే బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఈ సంగతి ఉత్తరం అడుగున ఒక్క వాక్యంలో రాస్తే కొందరు వారంలో కడతారు. వచ్చే ఏడాది నుంచి రెన్యువల్‌కి ముందు ప్రొఫార్మా (ఎంత కట్టాలో చెప్పే ముందస్తు బిల్లు) పంపండి, డబ్బు అందాకే సేవ, అప్పుడే ట్యాక్స్ ఇన్‌వాయిస్. మిగతా కస్టమర్లందరికీ కూడా.

ప్రశ్న: మాది కరీంనగర్, చిన్న స్కూల్. ఫీజుల సాఫ్ట్‌వేర్ ఇచ్చినాయన మానేశాడు, తెరిస్తే 'గడువు ముగిసింది' అని వస్తోంది. తెలిసిన అబ్బాయి రెండు వేలిస్తే క్రాక్ చేస్తానంటున్నాడు. చేయించొచ్చా?

జవాబు: పై జవాబు ఆయన చదివి ఉంటే బాగుండేది. క్రాక్ వద్దు. తెలిసి దొంగ కాపీ వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంది, అది కాకపోయినా క్రాక్ ఫైళ్లతో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) వచ్చిందంటే పిల్లల వివరాలన్నీ పోతాయి. లాగిన్ ఆగింది గానీ మీ డేటా ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ముందు హార్డ్ డిస్క్ మొత్తం కాపీ తీయించి బీరువాలో పెట్టండి. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఇచ్చినాయనకి 'మా ఫీజుల రికార్డులు ఎక్సెల్‌లో ఇవ్వండి, దానికెంతో చెప్పండి' అని రాసి పంపండి. బాకీ ఉంటే అదీ కట్టేయండి సార్.