తెరవని కవరు ఖరీదెంత?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉంటూ టీనేజీ పిల్లల కోసం నవలలు రాస్తున్నాను. ఇప్పటికి రెండు వచ్చాయి. మొదటిది నాలుగేళ్లలో 5,200 ప్రతులు పోయింది, అందులో సగానికి పైగా బడుల చదువు జాబితాల్లో చేరాకే. బడుల్లో రచనా శిక్షణ తరగతులు కూడా చెబుతాను కాబట్టి ఏడాదికి మొత్తం 6 లక్షల దాకా వస్తుంది. మూడో నవలకు ప్రచురణకర్త రెండు దారులు చూపారు: సర్వహక్కులూ రాసిస్తే ఒకేసారి 2 లక్షలు, లేదంటే 75 వేల అడ్వాన్సు, 299 రూపాయల ధరపై 10 శాతం రాయల్టీ. నా మనసు 2 లక్షల వైపే ఉంది. రాయల్టీ లెక్కల కవర్లు విప్పాలంటే నాకు గుండెదడ. రెండేళ్లవి అలాగే ఉన్నాయి, ఆదాయపు పన్ను రిటర్నులూ వేయలేదు. పైగా ప్రతి నవలకూ కొత్త పెన్ను కొంటాను, అద్దె ఇల్లు మారతాను. పోయినసారి మారడానికి 45 వేలు అయింది. ఈ పిచ్చి అలవాట్లు మానుకోవాలా?

జవాబు: పెన్ను జోలికి నేను రాను. రాజమహేంద్రవరం రత్నం పెన్నుతోనే లెక్కలు వేసే నాకు ఆ అర్హత లేదు కూడా. నన్ను కలవరపెట్టింది కవర్ల సంగతి. ఎందుకంటే మీ మనసు 2 లక్షల వైపు మొగ్గడానికి అసలు కారణం లెక్క కాదు, ఇకపై ఏ కవరూ రాదన్న ఊరటేనని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది.

లెక్క ఇలా ఉంటుంది. ప్రతికి మీకు వచ్చేది దాదాపు 29.90 రూపాయలు. అడ్వాన్సును ముందు ఈ రాయల్టీలోంచే మినహాయించుకుంటారు. అంటే సుమారు 2,510 ప్రతులు అమ్ముడైతే అడ్వాన్సు తీరిపోతుంది, దాదాపు 6,700 ప్రతులు అమ్ముడైతే 2 లక్షలకు సమానమవుతుంది. మీ మొదటి నవల నాలుగేళ్లలో 5,200 ప్రతులు పోయిందని, అందులో సగానికి పైగా బడుల చదువు జాబితాల్లో చేరాకే పోయాయని మీరే రాశారు. కాబట్టి అచ్చు పుస్తకం వరకే చూస్తే రెండు దారులూ ఇంచుమించు సమానం. తేడా అంతా మిగిలిన హక్కుల్లో ఉంది. మన దేశంలో కాపీరైటు రచయిత జీవితకాలమూ, ఆ తర్వాత మరో 60 ఏళ్లూ ఉంటుంది. అనువాదం, ఆడియో, తెరకెక్కించే హక్కు అన్నీ ఆ 2 లక్షల్లోనే కలిసిపోతాయి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగానూ పరిగణిస్తారు. అందుకే ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అనే మాటలు ఒప్పందంలో ఉన్నాయేమో ముందు చూడండి. నా సలహా రాయల్టీ దారే. అయితే బడులకు తగ్గింపు ధరకు టోకున అమ్మినప్పుడు రాయల్టీని ముద్రిత ధరపై కడతారా, చేతికొచ్చిన సొమ్ముపై కడతారా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి.

ఇక ఆ కవర్లలో ఉన్నది భయపడాల్సింది కాదు, బహుశా మీకు రావాల్సిన డబ్బు. రాయల్టీ చెల్లింపు నిర్ణీత పరిమితి దాటితే ప్రచురణకర్త 10 శాతం టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను, కోస్తారు. ఏడాదికి లక్షా 10 వేలు వచ్చి ఉంటే 11 వేలు కోత. కొత్త పన్ను విధానంలో 2025-26 సంవత్సరానికి 12 లక్షల ఆదాయం వరకు పన్ను లేకుండా చేసే రిబేటు ఉన్నందువల్ల మీకు పన్నే పడదు, ఆ సొమ్ము తిరిగి రావాలి. కానీ రిటర్ను వేస్తేనే వస్తుంది. ఆలస్యపు రిటర్నుకు గడువు, ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే డిసెంబరు 31. అది దాటాక వేసే అప్‌డేటెడ్ రిటర్నులో రీఫండు అడగడానికి వీలుండదు. రచయితల రాయల్టీపై 3 లక్షల వరకు మినహాయింపు పాత విధానంలోనే ఉంది. మీ ఆదాయానికి ఇప్పుడు దాని అవసరం లేదు.

ఇల్లు మారడం మాత్రం ఖరీదైన అలవాటే. బ్రోకరుకు ఒక నెల అద్దె, పాత ఇంటి రంగుల కింద మరో నెల అద్దె, సామాను మోయించిన ఖర్చు కలిపి అయిన ఆ 45 వేలు, వచ్చే అడ్వాన్సులో అయిదింట మూడు వంతులు. కొత్త గోడలు కావాలన్న కోరికను నేను వెక్కిరించను కానీ, ఇల్లు అలాగే ఉంచుకుని, తొలి చిత్తుప్రతి రాసే రెండు నెలలకు వేరే గది తీసుకుని చూడండి. అలా మిగిలిన సొమ్మును ఏడాది ఇంటిఖర్చుకు సరిపడా నిధిలో వేయండి. నెల జీతం ఉన్నవారికి ఆరు నెలల ఖర్చు చాలు గానీ, విడతలుగా డబ్బు వచ్చే రచయితకు అది చాలదు.

కవర్లను మీరు విప్పనక్కర్లేదు. ఉన్నవి ఉన్నట్టే ఈ వారంలో ఆడిటరు చేతికి ఇచ్చేయండి. ఆయన లెక్క చెప్పేదాకా ఒప్పందంపై సంతకం పెట్టకండి.