ఆ ధ్రువతార మీ పెరట్లోది, తమ్ముడూ

తమ్ముడూ,

కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఒకసారి బస్సులో, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని. భాష బావుంది. రెండో పేజీలో మాత్రం దొరికిపోయావు. "ఉత్తరాన చెట్ల వెనక, నేలకు కాస్త పైన మిణుకుమంటున్న ధ్రువతార" అన్నావు చూడు, ఆ తార మీ పెరట్లోది. ఊరు ఎంత అక్షాంశంలో ఉంటే ధ్రువతార అంత ఎత్తులో ఉంటుంది. మనకి పదహారు, పదిహేడు డిగ్రీలే. అందుకే పెళ్లిలో పంతులుగారు చూపించినా కొబ్బరిచెట్ల సందుల్లో వెతుక్కుంటాం. నునావుట్ రాజధాని ఇకాలుయిట్‌లో అది 64 డిగ్రీల ఎత్తున ఉంటుంది, మెడ బాగా వెనక్కి వంచాలి. ఉత్తరపు కొసన అలర్ట్‌లో అయితే దాదాపు నడినెత్తిన. పైగా చెట్లా! ఇకాలుయిట్ చెట్లు పెరిగే హద్దుకి అవతల ఉన్న ఊరు.

నేను ఇంతకంటే ఘోరం చేశాలే. ఓ వారపత్రికలో "ఇకాలుయిట్‌లో ఆరు నెలలు చీకటి" అని రాసేశాను. ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు, చలికాలంలో సూర్యుడు ఉదయించని రోజులు మొదలయ్యే హద్దు ఆర్కిటిక్ వలయం, ఆ ఊరు దానికి దక్షిణాన ఉందండీ, డిసెంబరులో కూడా రోజూ నాలుగు గంటలు పగలుంటుంది అని. మ్యాప్ తీసి చూస్తే నిజమే. అక్టోబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరిదాకా సూర్యుడు కనపడనిది అలర్ట్‌లో. అది సైనికులూ వాతావరణ కేంద్రం వాళ్లూ ఉండే చోటు, ఊరు కాదు.

మంచు అనే మాట పదకొండుసార్లు వాడావు, లెక్కపెట్టాను. నిజానికి అక్కడి ఎల్స్‌మీర్ దీవిలో ఉన్న యురేకా వాతావరణ కేంద్రం దగ్గర ఏడాదంతా పడే వానా మంచూ కలిపి కరిగిస్తే 8 సెంటీమీటర్లకు అటూ ఇటూ. ఎడారి అన్నమాట. పడిన కాస్తా నెలల తరబడి కరగదు, అంతే.

జెండా మీద ఉన్నది "ఎర్రటి మనిషి విగ్రహం" కాదు. దాన్ని ఇనుక్సుక్ అంటారు. రాళ్లు పేర్చి నిలబెట్టే గుర్తు. దారి ఇటు, చేపలు ఇక్కడ, కారిబూ అనే మంచునేల దుప్పులను ఇటు తోలండి అని చెబుతుంది. ఎటు చూసినా ఒకేలా ఉండే నేల మీద ఆ కబురు ప్రాణం నిలబెడుతుంది.

రాజముద్రలో ఉన్న కుల్లిక్‌ని "దీపం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు బాగా కోపం వచ్చింది ఇక్కడే. అది అర్ధచంద్రాకారపు రాతి ప్రమిద. సీల్ కొవ్వు కరిగిన నూనె, నాచూ పత్తిగడ్డి దూదీ కలిపిన వత్తి. ఆ వత్తిని అంచు పొడవునా పరిచి, పొగ రాకుండా సరిచేస్తూ ఇంటి ఆడవాళ్లు కూర్చునేవారు. వెలుగు, వంట, తడిసిన బట్టలు ఆరడం, తాగేందుకు మంచు కరగడం, అన్నీ దాని మీదే. కార్తీకమాసంలో వత్తి ఎగదోసిన చెయ్యి నీది. ఒక పేజీ రాయగలిగిన చోట తొందరపడి దాటిపోయావు.

"ఎస్కిమో" కొట్టెయ్. అక్కడివాళ్లు తమని ఇన్యుయిట్ అంటారు, ఆ పాత మాట వాళ్లలో చాలామందికి అవమానంగా ఉంటుంది. నునావుట్ 1999 ఏప్రిల్ 1న ఏర్పడిందనీ, 20 లక్షల చదరపు కిలోమీటర్లనీ, 2021 లెక్కల్లో 37 వేల జనమనీ అంకెలన్నీ మొదటి పేరాలోనే కుప్ప పోశావు. అక్కడ ఒక్కటి చాలు: 25 ఊళ్లు, ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు లేదు. మరి సామాను ఎలా వస్తుందని పాఠకుడే అడుగుతాడు. విమానంలోనూ, వేసవిలో సముద్రం మీది మంచుగడ్డ కరిగాక ఓడలోనూ అని అప్పుడు చెప్పు.

కుక్క పేరా మాత్రం ముట్టుకోకు. అధికారిక జంతువుగా ధ్రువపు ఎలుగుబంటిని కాదని బండి లాగే కుక్కను పెట్టుకున్నారని రాశావే, అది చదివి బస్సులో నా స్టాప్ దాటిపోయాను. మిగతాది తిరగరాసి వచ్చేవారం పంపు.

మీ అన్నయ్య