బుజ్జికి మావయ్య ఉత్తరం: స్కూలు బోర్డు ముందు మైకు పట్టుకునే ముందు

చి.ల.సౌ. బుజ్జికి మావయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ, అల్లుడూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను.

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, మన బుజ్జి వచ్చే నెల స్కూలు బోర్డు మీటింగులో, అదే అక్కడి స్కూళ్లని నడిపే కమిటీ ముందు, మాట్లాడుతుందట. పిల్లల స్కూలుకి తుపాకీ ఉన్న పోలీసుని పెట్టమని అడుగుతుందట" అంది. ఏడో క్లాసులో ఆగస్టు పదిహేనుకి వందన సమర్పణ చెప్పమంటే మామిడిచెట్టు వెనక దాక్కున్న పిల్లవి నువ్వు. నేనే చెయ్యి పట్టుకుని స్టేజి ఎక్కించాను. ఇప్పుడు టెక్సాస్‌లో దొరల ముందు మైకులో మాట్లాడబోతున్నావంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. మీ అత్తయ్య ఈపాటికి వీధంతా చెప్పేసింది కూడా.

కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదమ్మా. ముప్పై ఎనిమిదేళ్లు పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వులో తుపాకీ మోసినవాణ్ణి. నువ్వు అడగబోయేది నేను చేసిన ఉద్యోగాన్నే. అందుకే ఇది రాస్తున్నాను. మధ్యలో కోపం వచ్చినా చివరి దాకా చదువు.

తేలికవి ముందు చెప్పేస్తాను. మూడు నిమిషాలే ఇస్తారన్నావట కాబట్టి కాగితం మీద రాసుకుని, గడియారం పెట్టుకుని నాలుగుసార్లు చదువు. పేరు ముందే నమోదు చేయించుకో. ఎవరైనా గొంతు పెంచితే నువ్వు పెంచకు. ఆ రోజు ఖాళీ కడుపుతో వెళ్లకు.

ఇంకొకటి మాత్రం తేలిక మాట కాదు. మైకులో పిల్లల పేర్లు చెప్పకు. ఏ క్లాసో, ఏ టీచరో, ఏ బస్సు ఎక్కుతారో అసలు చెప్పకు. ఆ మీటింగులు వీడియో తీసి పెడతారట కదా. తుపాకుల గురించి మాట్లాడితే అక్కడ ఇటువాళ్లకీ అటువాళ్లకీ కోపాలు వస్తాయని విన్నాను. అల్లుణ్ణి వెంట తీసుకెళ్లు, వచ్చేటప్పుడు ఇద్దరూ కలిసే కారు దగ్గరకి నడవండి. మావయ్యది చాదస్తం అనుకున్నా సరే, ఈ ఒక్కటీ విను.

నీ భయం నాకు తెలియక కాదు. 2022 మే 24 నాకు బాగా గుర్తు. ఆ సాయంత్రం జిల్లా పేరు గొడవలో అమలాపురం తగలబడుతోంది. మంత్రిగారి ఇంటికే నిప్పు పెట్టారు. ఇంటర్నెట్ ఆపేశారు. వాట్సాప్ లేక నీకు మా కబురు అందలేదు, నువ్వు కంగారుపడి మామూలు ఫోన్ చేశావు. నేను "మాకేం ఫర్వాలేదు, నువ్వు టెన్షన్ పడకు" అంటుంటే నువ్వు ఏడుస్తూనే ఉన్నావు. ఏడుపు మా గురించే అనుకున్నాను. తర్వాత చెప్పావు, అదే రోజు మీ రాష్ట్రంలో, యువాల్డీలో, బడిలోకి ఒకడు తుపాకీతో వెళ్లి 19 మంది పిల్లల్నీ ఇద్దరు టీచర్లనీ చంపేశాడని. మొన్న వీడియో కాల్‌లో నీ కొడుకు, బడిలోకి తుపాకీవాడు వస్తే ఎలా దాక్కోవాలో నేర్పే డ్రిల్లు నాకు చేసి చూపించాడు. లైటు తీసేసి, గోడ మూలన మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, నోటి మీద వేలు పెట్టుకున్నాడు. "దగ్గు వస్తే మోచేతిలో దగ్గాలి తాతయ్యా, సౌండు రాకూడదు" అన్నాడు. ఏడేళ్ల పిల్లాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అరుగు మీద కూర్చుండిపోయాను.

కాబట్టి పోలీసు వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. పోలీసుని అడిగే ముందు నా సంగతి ఒకటి నువ్వు వినాలి. మీ అమ్మకి కూడా తెలియదు ఇది.

1988లో, నాకు ఇరవై ఏడేళ్లు. సముద్రం దాపున ఒక ఊళ్లో లంక భూముల మీద రెండు వర్గాలు కొట్టుకుంటే పోలీసు పికెట్ వేశారు. ఆ ఊరి పేరు రాయను. మేం నలుగురం కానిస్టేబుళ్లం, పైన ఒక హెడ్డు కానిస్టేబులు. బస ఎక్కడంటే హైస్కూల్లో. అప్పట్లో పికెట్ అంటే బడే, వేరే వసతి ఉండేది కాదు. ఒక గదిలో మా ట్రంకు పెట్టెలూ, దుప్పట్లూ, త్రీనాట్‌త్రీ రైఫిళ్లూ. పక్క గదిలో ఎనిమిదో క్లాసు. మొదటి రోజు పిల్లలు మమ్మల్ని చూసి గోడవారగా నడిచారు. మూడో రోజుకి కిటికీలోంచి తొంగి చూసి, "తూటా ఎంత దూరం పోద్దండి?" అని అడిగారు. వారం తిరిగేసరికి నాకు ముంజికాయలు తెచ్చి ఇచ్చేవారు. పిల్లలకి నేనంటే ఇష్టమని మురిసిపోయాను.

తొమ్మిదో రోజున హెడ్మాస్టరుగారు మా గదికి వచ్చారు. సైన్సు గదిలో భూతద్దం పోయిందట. ఎనిమిదో క్లాసులో ఒక కుర్రాడి మీద అనుమానం. వాళ్ల నాన్న కొబ్బరి దింపులు తీస్తాడు. "కేసూ గీసూ వద్దు. మీరు ఒక్కసారి భయపెట్టండి చాలు, వాడే తెచ్చి ఇచ్చేస్తాడు" అన్నారు. మా హెడ్డు సెంటర్‌కి వెళ్లాడు. అడిగేవాడు లేడు. ఫిర్యాదు కాగితం లేదు, చూసిన సాక్షి లేడు. నేను బెల్టు బిగించి, రైఫిల్ భుజానికి తగిలించుకుని క్లాసులోకి వెళ్లి ఆ పిల్లాడి మణికట్టు పట్టుకున్నాను.

వాడి చెయ్యి ఎంత సన్నగా ఉందో ఇప్పటికీ నా అరచేతికి తెలుసు. నా బొటనవేలూ చూపుడువేలూ కలిశాక ఇంకా చోటు మిగిలింది. మోచేతి దాకా సిరా మరకలు. వాడు ఏడవలేదు. "నేను తియ్యలేదండి, నేను తియ్యలేదండి" అని మాత్రం అంటున్నాడు. ఇల్లు వెతుకుదాం పద అని కాలవగట్టు మీదుగా నడిపించాను. బట్టలు ఉతుక్కునే ఆడవాళ్లు చేతులాపి చూశారు. రేవు దగ్గర పడవవాడు చూశాడు. టీ కొట్టు దగ్గర ఎవరో "ఏం చేశాడండి?" అంటే నేను బదులివ్వలేదు. బదులివ్వకపోతే జనం ఎంత ఊహించుకుంటారో నాకప్పుడు తట్టలేదు. సగం దారిలో వాడి నిక్కరు తడిసిపోయింది. నేను చూడనట్టు నటించాను.

ఇంట్లో వాళ్ల నాయనమ్మ ఒక్కతే ఉంది. నా తుపాకీ చూసి, ఏమిటని కూడా అడక్కుండా నా బూట్ల మీద పడిపోయింది. రెండు తాటాకు బుట్టలు, ఒక బియ్యం డబ్బా, ఒక చాప, అంతే ఆ ఇల్లు. అన్నీ దులిపాను. ఏమీ లేదు.

మర్నాడు భూతద్దం దొరికింది. సైన్సు మాస్టారి బల్ల వెనక, చుట్టి పెట్టిన పటాల మధ్యలో. హెడ్మాస్టరుగారు "పోన్లెండి, దొరికింది కదా" అన్నారు. ఆ పిల్లాడు మాత్రం మళ్లీ బడికి రాలేదు. రెండు రోజుల తర్వాత పికెట్ ఎత్తేశారు, మేం కాకినాడ వెళ్లిపోయాం. వాడింటికి వెళ్లి "తప్పు నాది బాబూ, బడికి రా" అని ఒక్క మాట చెప్పడానికి నాకు ఆ రెండు రోజులూ చాలలేదు. కాళ్లు రాలేదు.

ఎనిమిదేళ్లకి, 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. నువ్వప్పుడు చిన్నపిల్లవి, మన పెరట్లో కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపుకి పడి ఉండటం నీకూ గుర్తుండాలి. వెయ్యి మందికి పైగా పోయారు ఆ తుపానుకి. నాకు అటువైపే రిలీఫ్ డ్యూటీ పడింది. బియ్యం పంచుతున్నాం, రెండు వరసలు. నా వరసలో ఒక కుర్రాడు, చంకలో పసిపిల్లాడు. దింపులు తీసేవాళ్లకి ఉండే కాయలు కాచిన పాదాలు. నా దగ్గరకి వచ్చి, నా మొహం చూసి, ఒక్క క్షణం ఆగాడు. ఏమీ అనలేదు. పక్క వరసకి వెళ్లి చివర నిలబడ్డాడు. అంత వానలో, అంత ఆకలిలో, మళ్లీ గంట సేపు నిలబడ్డాడు గానీ నా చేతి బియ్యం తీసుకోలేదు.

బుజ్జీ, నేను ఆ బడిలో లేకపోతే హెడ్మాస్టరుగారు ఏం చేసేవారు? బెంచీ ఎక్కించేవారు. వాళ్ల నాన్నని పిలిపించేవారు. మహా అయితే రెండు దెబ్బలు వేసేవారు. ఆయన చెడ్డమనిషి కాదు. పక్క గదిలో పోలీసు ఉన్నాడు కాబట్టి వాడుకున్నారు. నేనూ తుపాకీ భుజాన ఉండి తొమ్మిది రోజులుగా పని లేక కూర్చున్నాను కాబట్టి వెళ్లాను. బందిపోటు ఏ ఒక్క రోజో వస్తాడు, అసలు రాకపోవచ్చు కూడా. అల్లరి పిల్లాడు రోజూ ఉంటాడు.

మీ దగ్గర ఇలా జరగదనుకోకు. 2015లో మీ టెక్సాస్‌లోనే, ఇర్వింగ్‌లో, పద్నాలుగేళ్ల అబ్బాయి తను చేసిన గడియారం టీచరుకి చూపిద్దామని తెస్తే, బాంబులా ఉందని చేతులకి బేడీలు వేసి తీసుకుపోయారు. 2019లో ఫ్లోరిడాలో, ఓర్లాండోలో, ఆరేళ్ల పాపని మారాం చేసిందని బడిలో ఉన్న పోలీసు అరెస్టు చేశాడు. ఆరేళ్లు! మన ఇంట్లో ఆ వయసు పిల్ల మారాం చేస్తే చంకనేసుకుని కాలవ చూపిస్తాం. మన రంగు పిల్లలకి అక్కడ ఇంకొంచెం ముందు అనుమానం తగులుతుందేమోనని నా భయం. నీ కొడుకుది కుదురుగా కూర్చునే స్వభావం కాదు, నా పోలిక.

సరే, అసలు ఆపద వచ్చిన రోజు సంగతి. తుపాకీ ఉన్న మనిషి గేటు దగ్గర ఉంటే చాలనుకుంటాం. 1999లో కొలంబైన్ హైస్కూల్లో సాయుధ పోలీసు ఉన్నాడు, దుండగుల మీద కాల్పులూ జరిపాడు, అయినా ఆ రోజు 13 మంది పోయారు. 2018లో ఫ్లోరిడాలో, పార్క్‌లాండ్‌లో ఒక హైస్కూల్లో కాల్పులకి 17 మంది చనిపోతుంటే అక్కడి పోలీసు బిల్డింగు బయటే ఉండిపోయాడు. యువాల్డీ స్కూళ్లకయితే సొంత పోలీసు విభాగమే ఉంది. ఆ రోజు అక్కడికి చేరినవాళ్లు 376 మంది. లోపలికి వెళ్లి వాణ్ణి ఆపడానికి 77 నిమిషాలు పట్టింది. అందరూ పిరికివాళ్లు కారమ్మా. ఎదుట కాల్పులు వినిపిస్తుంటే కాలు ముందుకు పడదు. నాకు తెలుసు. పదే పదే చేయించిన అభ్యాసం ఉన్నవాడికే పడుతుంది. 2024 సెప్టెంబరులో జార్జియాలో అపలాచీ హైస్కూల్లో నలుగురు పోయారు గానీ, ఆ స్కూలు పోలీసులు నిమిషాల్లో ఎదురెళ్లడంతో వాడు లొంగిపోయాడు. అక్కడ టీచర్ల మెడలో నొక్కితే కబురు వెళ్లే బటన్ కార్డులు కూడా ఉన్నాయి. యువాల్డీలో తరగతి గది తలుపుకి తాళం సరిగ్గా పడదని ముందే తెలిసినా బాగు చేయించలేదు. నువ్వు పోలీసు గురించి అడిగే ముందు తలుపుల గురించి అడుగు. మీ పిల్లల గది తలుపు లోపల్నుంచి తాళం పడుతుందా, చివరిసారి ఎవరు చూశారు?

అల్లుడు పంపిన కాగితాలు చదివాను. 2023లో మీ రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం ప్రతి స్కూల్లో బడి వేళల్లో సాయుధుడు ఒకడు ఉండాలి. డబ్బో మనుషులో లేరని బోర్డు తీర్మానిస్తే, శిక్షణ ఇచ్చిన టీచరుకే తుపాకీ ఇచ్చుకోవచ్చు. చట్టంతో పాటు అప్పుడు ఇచ్చింది స్కూలుకి 15 వేల డాలర్లు, పిల్లాడికి 10 డాలర్లు. దాంతో అక్కడ ఒక పోలీసు జీతం వెళ్లదని నాకే తెలుస్తోంది. అందుకని బోర్డు టీచర్ల వైపు మొగ్గుతుందేమో చూసుకో. దానికి మాత్రం గట్టిగా అడ్డుపడు. మా దగ్గర రోజూ తూటాలు లెక్కపెట్టి తీసుకుని, లెక్కపెట్టి అప్పజెప్పేవాళ్లం. అన్నం తినేటప్పుడు కూడా రైఫిల్ మోకాలికి ఆనించుకునే తినేవాళ్లం. ఇరవై మంది పసిపిల్లల ముక్కులు తుడుస్తూ, బూట్ల లేసులు కడుతూ ఆ టీచరమ్మ ఆ పని ఎలా చేస్తుంది?

ఇక పోలీసుని అడుగుతానంటే అడుగు. కానీ దాంతో పాటు ఒక కాగితం అడుగు. పిల్లల క్రమశిక్షణలో అతను వేలు పెట్టకూడదని, టీచర్లు అల్లరికి అతన్ని పిలవకూడదని, బేడీలు ఎప్పుడు వెయ్యాలో ఎప్పుడు వెయ్యకూడదో, పిల్లాణ్ణి ప్రశ్నించాలంటే ముందు తల్లిదండ్రులకి ఫోన్ చెయ్యాలని అందులో ఉండాలి. ఏడాదికి ఎన్నిసార్లు, ఏ పని మీద పిలిచారో లెక్క బయట పెట్టాలి. కాల్పులు వినపడితే ఎవరి ఆర్డరూ అడక్కుండా లోపలికి వెళ్లాలన్నదీ రాసి ఉండాలి. మీ రాష్ట్రంలో బడి పోలీసు మామూలు క్రమశిక్షణలోకి రాకూడదని 2019 నుంచి చట్టం ఉందట. అయితే మీ స్కూల్లో దాన్ని ఎలా అమలు చేస్తారో చెప్పమను. మూడు నిమిషాల్లో రెండు నిమిషాలు దీనికే వాడు. తుపాకీ ఇవ్వండి అని అడగడానికి అర నిమిషం చాలు.

కోప్పడ్డానా? కోప్పడి ఉంటే క్షమించు తల్లీ. నువ్వు ఎలా మాట్లాడినా నేను నీ వెంటే. మీ అత్తయ్య పనసపొట్టు ఆవకాయ పెట్టింది, మీ అమ్మ వచ్చేటప్పుడు పంపుతాను.

మీటింగు అయ్యాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. మీకు రాత్రి తొమ్మిదంటే మాకు పొద్దున్న ఏడున్నర. అప్పటికి కాలవగట్టు నడక ముగించుకుని వచ్చి, ఫోన్ పక్కనే పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంటాను.

మీ మావయ్య