సింహాన్ని తీసెయ్, కుర్చీని ఉంచు

కావలి

చిరంజీవికి,

ఇంగ్లండు రాక్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ చివరి కచేరీ మీద నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మనవరాలి చేత చదివించుకుని విన్నాను. రెండోసారి కళ్లజోడు పెట్టుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆ రెండో చదువు సంగతే ఈ ఉత్తరం.

ముందే ఒప్పుకుంటాను, రాక్ సంగీతం నాకు పట్టుబడలేదు. ఆ గిటార్లన్నీ ఒక్కసారిగా అందుకుంటే మా వీధి చివర ఉండే పాత రైసుమిల్లు గుర్తొస్తుంది. అయినా నువ్వు అంతగా రాశావు కదా అని, ఆ కచేరీ వీడియోలు పెట్టించుకుని చూశాను. చూశాక నీ మీద కొంచెం కోపం వచ్చింది. తెర మీద నాకు కనిపించిన మనిషి నీ కాగితాల్లో లేడు.

"వేదిక మీదికి సింహంలా వచ్చి గర్జించాడు" అని రాశావు. నాయనా, ఆయన నడిచి రాలేదు. వేదిక అడుగు నుంచి కుర్చీతో సహా పైకి లేచాడు. నల్లటి సింహాసనం, దాని తలమీద గబ్బిలం బొమ్మ. 76 ఏళ్ల వయసు, పార్కిన్సన్స్ జబ్బు. ఆరేళ్లుగా మంచాన పడి ఉన్నానని తానే జనంతో చెప్పాడు. సింహమంటూ ఉంటే ఆ ఆసనం పేరులో ఉంది. ఆయన మాత్రం కూర్చున్న మనిషి. పాట ఊపందుకున్నప్పుడు లేవాలన్న ఆత్రం భుజాల్లో తెలుస్తుంది, నడుము దాటి కిందికి పోదు. అమ్మా, ఇంటికొస్తున్నానని పాడే చోట గొంతు వణికింది, జనం అందుకున్నారు. ఇవన్నీ నువ్వు చూశావు. చూసి దాచావు. ఎందుకు దాచావో నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు ఆ పని చేశాను.

1980ల్లో, కనిగిరి వైపు ఒక ఊళ్లో, తిరునాళ్లకు పద్యనాటకం వేశారు. హరిశ్చంద్రుడి వేషం కట్టిన నటుడికి అదే ఆఖరి నాటకమని ముందే చెప్పారు. నేను అప్పట్లో ఒక పత్రికకు విలేకరిని. జాగా దొరక్క హార్మోనియం పెట్టె పక్కనే కూర్చున్నాను. కాటి సీను మొదలయ్యే ముందు హార్మోనిస్టు ఆయన ముఖంలోకి ఒకసారి చూశాడు, మాట్లాడలేదు. అయిదు శ్రుతిలో పాడే మనిషికి అర శ్రుతి దించి మెట్లు నొక్కాడు. జనానికి తెలియలేదు. పద్యం అయిపోగానే ఎప్పటిలాగే వన్స్‌మోర్ అని కేకలు. ఆయన చేతులు జోడించాడు. అది వేషంలో ఉన్న రాజు దండం అనుకుని జనం ఇంకా గట్టిగా కేకలు వేశారు. నిజానికి అది వద్దని వేడుకోవడం. హార్మోనిస్టుకు తెలుసు, నాకు తెలుసు.

మర్నాడు నేను ఏం రాశానో చెప్పనా? "కంచుకంఠం మార్మోగింది." ఆ అర శ్రుతి రాస్తే ఆయన పరువు పోతుందనుకున్నాను. కొన్నాళ్లకు బస్సులో ఆ హార్మోనిస్టే కనిపించి, "రాసింది చదివాను సార్, మీరు రాలేదేమో అనుకున్నాను" అన్నాడు. పెద్ద పెద్ద సంపాదకులు చాలామంది తిట్టారు నన్ను, ఏదీ ఇంత గుర్తులేదు.

ఇదంతా గుర్తుకు రావడానికి నీ ఓజీ కంటే, వాళ్ల బ్లాక్ సబ్బాత్ బృందంలో ఆయన పక్కన గిటారు వాయించిన టోనీ అయోమీ కారణం. ఆయన్ను నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. రేకుల కర్మాగారంలో పదిహేడేళ్ల కుర్రాడిగా పనిచేస్తూ, మానేసే రోజునే, యంత్రంలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం వాడు కాబట్టి తీగలు నొక్కే వేళ్లు అవే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్న తీగలు వేసుకున్నాడు, తర్వాత తర్వాత శ్రుతి దించి తీగల బిగువు తగ్గించాడు. ఆ దించిన శ్రుతి బరువే వాళ్ల సంగీతానికి గుర్తయింది. కనిగిరి హార్మోనిస్టు ఒక్క రాత్రి కోసం చేసిన పనిని ఈయన బతుకంతా చేశాడు. నువ్వేమో దీన్ని వదిలి "గిటారు మాంత్రికుడు" అన్నావు. మాంత్రికుడికి తొడుగులెందుకు?

ఇక అసలు తప్పు. నువ్వు కచేరీ చూసింది 2025 జూలై 5 రాత్రి. ఆయన పోయింది జూలై 22న. నువ్వు రాయడానికి కూర్చున్నది ఆ తర్వాత. అందుకే మొదటి పేరాలోనే పాడె కట్టేశావు. "మృత్యువు నీడ వేదికపై పరుచుకుంది" అట! ఆ రాత్రి బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్కు మైదానంలో ఉన్న 40,000 మందికి పైగా జనంలో ఈ పదిహేడు రోజుల లెక్క ఎవరికి తెలుసు? వాళ్లు సంబరానికి వచ్చారు. ఆయన పెరిగిన ఆస్టన్ పేటలోనే ఆ మైదానం. 1968లో మొదలైన బృందం, తొలి నలుగురూ కలిసి 2005 తర్వాత ఒక వేదికెక్కడం అదే మొదటిసారి. పిల్లల ఆసుపత్రికి, పార్కిన్సన్స్ పరిశోధనకు డబ్బు పోగవుతోంది. తర్వాత తెలిసింది తర్వాతి పేజీలో పెట్టు. అసలు పెట్టకపోయినా నష్టం లేదు, పాఠకుడికి తెలుసు. వాడు తెలిసి చదువుతాడు, నువ్వు తెలియనట్టే రాయాలి. ఇది చేతకావడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది కనుక నిన్ను తొందరపెట్టను.

మధ్యలో బాలు గారిని తెచ్చి పోల్చావు. మన నెల్లూరు అభిమానం, కాదనను. కానీ 2020 సెప్టెంబరులో ఆయన వెళ్లిపోయినప్పుడు వీడ్కోలు కచేరీ అన్నదే లేదు. పోల్చాలంటే ఆ లేకపోవడం దగ్గర పోల్చు, లేదా కొట్టెయ్.

వ్యాసం కంటే దానితో పాటు పంపిన చీటీ నాకు నచ్చింది. "ఆ రాత్రి రొయ్యల గుంట కాపలా నాదే, రెండుసార్లు కరెంటు పోయింది, జనరేటర్ వేసి వచ్చేసరికి కొన్ని పాటలు పోయాయి, క్షమించండి" అని రాశావు. క్షమించడమా! నీ వ్యాసం అక్కడ మొదలవుతుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందని, నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్ల చక్రాలు ఆగితే రొయ్య పైకి తేలుతుందని, మేత అప్పులు తేలవని నీకు తెలుసు. ఒక చెవి ఫోనులో, ఒక చెవి చక్రాల చప్పుడులో పెట్టుకుని నువ్వు కూర్చున్నావు. అక్కడ ప్రసారమే రెండు గంటలు వెనక పెట్టి వదిలారు. అంటే నువ్వు గట్టు మీద ఆయన కోసం ఎదురుచూస్తున్న వేళకు బర్మింగ్‌హామ్‌లో జనం ఇళ్ల దారి పట్టారు. ఈ సంగతి సిగ్గుపడి దాచాల్సింది కాదు. మైదానంలో నిలబడ్డవాళ్లు రాయలేనిది ఇదొక్కటే.

చివర్లో రొట్టెల పండుగను తెచ్చి "ఆయన తన రొట్టెను లోకానికి ఇచ్చి వెళ్లాడు" అన్నావు. ఉపమానం బాగానే ఉంది, బాగుందన్నదే నా అనుమానం. ఉన్నది ఉన్నట్టు చెప్పు. తెల్లారితే పండుగ. నిద్రలేని కళ్లతో అమ్మను బండి ఎక్కించుకుని స్వర్ణాల చెరువుకు వెళ్లావు. మోకాలి లోతు నీళ్లలో ఆమె నీకోసం ఉద్యోగ రొట్టె పట్టుకుంది. ఎవరి చేతి నుంచి పట్టుకుందో, ఇచ్చినావిడ ఏమన్నదో రాయి. ఓజీ పేరు అక్కడ ఎత్తకు.

ఒక్కటి అడగాలి. రెండోసారి కరెంటు పోయినప్పుడు ఫోను వెంట పట్టుకెళ్లావా, నులకమంచం మీద పాడుతుండగానే వదిలి పరుగెత్తావా? చీటీలో లేదు. అది గుర్తు తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టు. రొయ్యల పట్టుబడి అయ్యాకే పంపు, ఈలోపు గుంట వదలొద్దు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు