కొండ కింద ఇల్లు సరే, కడప ఇల్లు మాత్రం అమ్మకండి

ప్రశ్న: మాది కడప. నాకు 61 ఏళ్లు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిని, వచ్చే ఏడాది పదవీ విరమణ. మా వారికి 64; ప్రైవేటు ఉద్యోగం చేశారు కాబట్టి పింఛను లేదు. నాకు పింఛను నెలకు 52 వేల దాకా వస్తుంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, జీపీఎఫ్, సెలవుల జీతం అన్నీ కలిపి 58 లక్షలు చేతికొస్తాయి. బ్యాంకులో మరో 22 లక్షలున్నాయి. సిద్ధవటం వైపు లంకమల కొండ వారగా రెండున్నర ఎకరాలు చూశాం, ఎకరా 18 లక్షలు. అక్కడ 35 లక్షల్లో ఇల్లు కట్టుకుని నాలుగు మామిడి చెట్లు పెంచుకుంటూ చల్లగా బతకాలని మా ఆశ. అమెరికాలో ఉన్న అబ్బాయి 20 లక్షలు ఇస్తానంటున్నాడు, దస్తావేజులో తన పేరు కూడా పెట్టమంటున్నాడు. తక్కువైతే కడపలోని సొంతిల్లు అమ్మేస్తాం. భూమి డీకేటీ అట. పాస్‌బుక్ ఉంది కాబట్టి ఏమీ కాదని అమ్మే ఆయన చెబుతున్నాడు, రెండు లక్షలు అడ్వాన్సు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: అమ్మా, భూమికి 45, ఇంటికి 35, వెరసి 80 లక్షలు. మీ దగ్గరున్నది కూడా సరిగ్గా 80. ఇంత చక్కగా సరిపోయిన లెక్కను చూస్తే నాకు భయం. అందులో రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ రుసుము 1, మొత్తం ఏడున్నర శాతం. 45 లక్షల మీద 3,37,500 రూపాయలు. బోరు లేదు, మోటారు లేదు, చుట్టూ కంచె లేదు, రోడ్డు నుంచి పొలం దాకా కరెంటు స్తంభాలు లేవు, ఇటుకల ట్రాక్టరు దిగబడకుండా వెళ్లే దారి లేదు. వీటికి ఎంత పొదుపుగా వేసినా ఎనిమిది తొమ్మిది లక్షలు. అంటే 92. అబ్బాయి డబ్బు కలుపుకుంటే గట్టెక్కుతారు, కానీ కొత్త ఇంట్లో పాలు పొంగించే రోజుకు మీ చేతిలో మిగిలేది ఎనిమిది లక్షలు. మీకు 62, సారుకు 65.

అయితే డబ్బు సంగతి తర్వాత. ముందు ఆ డీకేటీ అన్న మాట దగ్గర ఆగాలి.

డీకేటీ పట్టా అంటే సాగు చేసుకుని బతకమని ప్రభుత్వం భూమి లేని పేదలకు ఇచ్చినది. పిల్లలకు వారసత్వంగా వస్తుంది గానీ అమ్ముకునే హక్కు ఉండదు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం అలాంటి అమ్మకం చెల్లదు, తహసీల్దారు భూమిని వెనక్కి తీసుకోవచ్చు. మీరిచ్చిన డబ్బును ఎవరూ తిరిగి ఇప్పించరు. పాస్‌బుక్ ఉందన్న మాట నిజమే కావచ్చు. డీకేటీ భూమికి కూడా పాస్‌బుక్ ఇస్తారు. అది సాగుదారు ఎవరో చెబుతుంది, అమ్ముకోవచ్చని చెప్పదు. మన జిల్లాల్లో చదువుకున్నవాళ్లు కూడా మోసపోయేది ఇక్కడే.

2023లో చట్టం సవరించారు, పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు దాటితే అసలు లబ్ధిదారుకో వారసులకో అమ్ముకునే హక్కు వస్తుందన్నారు. అమ్మే ఆయన ధైర్యం బహుశా దాని మీదే. కానీ ఆ హక్కు దానంతట అది రాదు. అధికారులు పరిశీలించి ఆ సర్వే నంబరును 22ఏ జాబితా నుంచి, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని నిషేధిత భూముల జాబితా నుంచి తీసేయాలి. అలా తీసేసిన భూముల్లోనూ అక్రమాలు జరిగాయంటూ 2024లో రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. ఆయన దగ్గరున్నది జాబితా నుంచి తీసేసిన ఉత్తర్వా, తీసేస్తారన్న ఆశా? ఆశ అయితే దానికి ఎకరా 18 లక్షలు కాదు, 18 రూపాయలు కూడా పెట్టకండి. సబ్ రిజిస్ట్రారు కాదంటే నోటరీ అగ్రిమెంటు రాసుకుందామనో, జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారమిచ్చే పత్రం) ఇస్తాననో అంటాడు. ఆ మాట వినగానే లేచి వచ్చేయండి.

డీకేటీ కాకుండా, అమ్ముకునే హక్కున్న సొంత పట్టా భూమే దొరికిందనుకోండి. ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో అడంగల్ (సాగు వివరాలు), వన్‌బీ (యాజమాన్య వివరాలు) చూడటం ఇప్పుడు ఫోనులోనే అయిపోతుంది. అక్కడితో ఆగకుండా తహసీల్దారు కార్యాలయంలో ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత భూ రిజిస్టరు నకలు తీయించండి. పట్టాదారు పేరుండాల్సిన గడిలో చుక్కలుంటే అది చుక్కల భూమి, అంటే హక్కుదారు ఎవరో రికార్డులో తేలనిది, దాని కథ వేరు. ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) కంప్యూటర్లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది కార్యాలయంలో వెతికించాలి. రీసర్వే అయిన ఊరైతే పాత సర్వే నంబరుకు బదులు ఎల్‌పీఎం నంబరు, అంటే కొత్త భూమి పటం నంబరు ఉంటుంది, రెండూ సరిపోలాలి. ఇదంతా ఓ లాయరుకు పదిహేను ఇరవై వేలిస్తే చేసిపెడతాడు. ఈ ఖర్చులో బేరమాడకండి.

లంకమల అన్నారు కాబట్టి ఇంకో మాట. అది అభయారణ్యం. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో సిద్ధవటం పరిసరాల్లోనే మళ్లీ కనిపించింది. తెలుగుగంగ కాలువే ఆ పిట్ట కోసం దారి మార్చుకుంది, మీ ప్రహరీ ఎంత! అటవీ హద్దు రాయి ఎక్కడుందో రెవెన్యూ సర్వేయరుతో పాటు అటవీ శాఖ వాళ్లను కూడా పిలిపించి చూపించుకోండి. పొలంలో ఎర్రచందనం చెట్లున్నాయని ఊరించి ధర పెంచుతారేమో కూడా చూడండి. సొంత పొలంలోని చెట్టయినా అటవీ శాఖ అనుమతి లేకుండా కొట్టలేరు. రాత్రిపూట వచ్చే దొంగలకు మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు.

ఇక నీళ్లు. నాలుగేళ్ల కిందట ఓ రిటైర్డు బ్యాంకు ఉద్యోగితో కలిసి ఇలాంటి కొండ వార పొలమే చూడటానికి వెళ్లాను. డిసెంబరు నెల. అమ్మే ఆయన మోటారు వేశాడు. గొట్టం నిండా, రెండించుల ధార, తెల్లగా దూకింది. నాతో వచ్చిన బ్యాంకాయన దోసిలి పట్టి తాగి "కొబ్బరి నీళ్లు" అన్నాడు. నేను మోటారు ఆపొద్దన్నాను. మేము చింత చెట్టు కింద కూర్చుని తెచ్చుకున్న అన్నం తిన్నాం, ఓ కునుకు తీశాం. మూడో గంటకు ధార గొట్టంలో సగానికి వచ్చింది. నాలుగో గంటకు దగ్గు మొదలైంది, కాస్త నీరు, కాస్త గాలి, మళ్లీ కాస్త ఎర్రనీళ్లు. వానలు కురిసిన వెంటనే డిసెంబరులో ఆ స్థితి అయితే మే నెల సంగతి చెప్పక్కర్లేదు. అమ్మే ఆయన మమ్మల్ని చూడకుండా మోటారు పెట్టె మూత వేశాడు.

అందుకని మీరు ఏ పొలమైనా ఏప్రిల్, మే నెలల్లో చూడండి, బోరు కనీసం నాలుగు గంటలు ఆడించండి. కొండ వార అంతా రాతి నేల. ఒకచోట నీళ్లు పడి, ఇరవై అడుగుల అవతల వెయ్యి అడుగులు దించినా పొడి పిండి లేచే నేల. బోరు లేని భూమి అయితే భూగర్భ జలాలను కాపాడే వాల్టా చట్టం కింద అనుమతి తీసుకుని, ముందు బోరు వేయించి, నీళ్లు పడితేనే కొంటానని ఒప్పందం రాయించుకోండి. ఆ బోరు ఖర్చు మీరే పెట్టుకున్నా నష్టం లేదు. రెండు లక్షలు పోయినా 45 మిగులుతాయి.

నీళ్లు లేకపోవడం ఒక కష్టం, వస్తే ఇంకో కష్టం. పొలం పక్కన ఎండిన వంక ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట ఎలా తెగిందో మన జిల్లా వాళ్లకు వేరే చెప్పాలా? కొండ మీద పడిన వానంతా వంకలోకే దిగుతుంది. ఎఫ్‌ఎంబీలో, అంటే సర్వే కొలతల పటంలో వంక ఎక్కడుందో చూసి, ఇంటి పునాది దానికి దూరంగా, ఎత్తున వేయండి.

"చల్లగా" అన్నారు. హార్సిలీ హిల్స్ చల్లగా ఉండేది నాలుగు వేల అడుగుల ఎత్తున ఉంది కాబట్టి. లంకమల పాదం అలా కాదు. పగలంతా తాగిన ఎండను ఆ రాయి రాత్రి పన్నెండు దాకా కక్కుతుంది. ఒక్క మే నెల అక్కడ ఊళ్లో గది అద్దెకు తీసుకుని ఉండి చూడండి, మీ 35 లక్షల ప్లానులో కిటికీలు ఎటు పెట్టాలో మీకే తెలుస్తుంది.

అబ్బాయి పేరు సంగతి తేలికే: పెట్టకూడదు. ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమి గానీ, తోట గానీ, ఫామ్‌హౌస్ గానీ కొనడానికి ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా రావచ్చు, కొనకూడదు. ఆయన డబ్బును మీ ఖాతాకు బ్యాంకు ద్వారా కానుకగా పంపమనండి, ఓ కాగితం మీద అదే రాసి సంతకం పెట్టమనండి. కొడుకు తల్లికిచ్చే కానుక మీద ఆదాయపు పన్ను లేదు. దస్తావేజు మీ ఇద్దరి పేర్ల మీదే చేయించుకుని, వీలునామాలో ఆయన పేరు రాయండి.

ఇప్పుడు అసలు విషయం. రాత్రి రెండింటికి సారుకు గుండెల్లో నొప్పి వస్తే కారు నడిపేది ఎవరు? మీకు డ్రైవింగ్ వస్తుందని ఉత్తరంలో లేదు. సిద్ధవటం కడపకు దగ్గరే, పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు, కానీ పొలం నుంచి తారు రోడ్డు దాకా ఉన్న మట్టి బాట వానాకాలపు రాత్రి ఎలా ఉంటుందో చూశారా? ఆ బాట మీ దస్తావేజులో రస్తాగా ఉందా, లేక పక్క రైతు మంచితనం మీద నడుస్తోందా? డెబ్బై అయిదు దాటాక మీలో ఒక్కరే మిగిలితే ఆ రెండున్నర ఎకరాల మధ్య ఎన్నాళ్లు ఉండగలరు? అప్పుడు అమ్ముదామంటే కొండ వార భూమి కొన్నంత తొందరగా అమ్ముడుపోదు, ఏళ్లు పడుతుంది. అందుకే కడప ఇల్లు అమ్మవద్దంటున్నాను. అది మీరు వెనక్కి వచ్చే దారి. ముందు భాగం అద్దెకిచ్చి, ఒక గది తాళం మీ దగ్గరే ఉంచుకోండి.

నేనైతే ఇలా చేస్తాను. రెండున్నర ఎకరాలు వదిలేసి, అదే కొండ కనిపించేలా ఊరికి ఆనుకుని, రోడ్డు పక్కన అర ఎకరా పట్టా భూమి వెతుకుతాను. ఎకరా 30 లక్షలైనా అర ఎకరా 15, రిజిస్ట్రేషన్‌తో 16 లక్షల పైచిలుకు. వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, చదరపు అడుగు 2,200 చొప్పున 22 లక్షలు. కిందికి కడప బండే వేయండి, పాలరాయి మోజు వద్దు. బోరు, కంచె, కరెంటు నాలుగు లక్షలు. మొత్తం 42. సాగు భూమిలో ఇల్లు కట్టుకోవడానికి చెల్లించాల్సిన రుసుములు దీని మీద అదనం. వ్యవసాయ కనెక్షన్ తీగ లాగి ఇంట్లో ఫ్యాన్లు తిప్పడం నేరం, ఇంటి సర్వీసు వేరే తీసుకోండి. అర ఎకరాలో మామిడి చెట్లు పది పెట్టినా ఇంకా ఖాళీ ఉంటుంది. రెండున్నర ఎకరాల కలుపు మీరిద్దరూ తీయలేరు, కూలీలు దొరకరు.

మిగిలిన 38 లక్షల్లో 30 మీ పేరు మీద పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేయండి. ఒకరికి గరిష్ఠ పరిమితి అంతే. 2023 ఏప్రిల్ నుంచి రేటు 8.2 శాతం. మూడు నెలలకోసారి రేటు సమీక్షిస్తారు గానీ, మీరు చేరిన రోజు ఉన్న రేటే ఐదేళ్లూ వస్తుంది. మూడు నెలలకు 61,500, అంటే నెలకు 20,500. పింఛనుతో కలిపితే 72 వేలు, దీనికి కడప ఇంటి అద్దె తోడు. వడ్డీకి పన్ను ఉంటుంది, అది వేరే లెక్క వేసుకుందాం. ఎనిమిది లక్షలు ఆసుపత్రి కోసం బ్యాంకులోనే ఉంచండి. అబ్బాయి 20 లక్షలు ఆయన దగ్గరే ఉండనివ్వండి, అవసరమైతే అడగొచ్చు.

రెండు లక్షల అడ్వాన్సు ఇవ్వకండి. ఇవాళ ఇవ్వకపోతే వేరేవాళ్లు ఎగరేసుకుపోతారని అమ్మే ఆయన అంటాడు. అననివ్వండి. ముందు ఆ సర్వే నంబరు రాసుకుని సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లి, 22ఏ జాబితాలో ఉందో లేదో అడిగి రండి. ఉందంటే వేరే పొలం చూసుకోండి. లేదంటే, ఆ జాబితా నుంచి తీసేసిన ఉత్తర్వు నకలు తీసుకుని నాకు రాయండి.